మగ్గాలు ఆగిన రోజు, రెండు ప్లేయర్లు

రామానుజం పగబట్టినవి లోకంలో రెండే. ఒకటి దూదిదుమ్ము, రెండోది ముత్తురామన్ షెడ్డులోని జెనరేటరు. దుమ్ము వచ్చి డిస్కుల మీద కూర్చుంటుంది, జెనరేటరు వచ్చి చెవుల మీద కూర్చుంటుంది అనేవాడు. దుమ్ము తుడవడానికి మెత్తటి గుడ్డ ఉంది. జెనరేటరును తుడిచే గుడ్డ మాత్రం ఎక్కడా దొరకలేదు.

విరుదునగర్ శివార్లలోని ఆ నేతవీధిలో అందరివీ పవర్‌లూమ్ షెడ్లే. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటారు, వాకిలి దాటితే తమిళం. దాటినా దాటకపోయినా మగ్గాల రొద ఒకటే. అక్కడ పుట్టిన పిల్లలు మాటల కన్నా ముందు అరవడం నేర్చుకుంటారు. రామానుజానికి కింద షెడ్డులో ఎనిమిది మగ్గాలు, పైన ఒక గది. కిందివి కడుపుకు, పైది తనకు. ఆ గదిలో నిలువెత్తు స్పీకర్లు రెండు, ఒక ఆంప్లిఫయరు, గోడవారన డిస్కుల బీరువా. ప్లేయరు పెట్టడానికి నల్లరాతి పలక, పలక కింద సగం గాలి కొట్టిన సైకిలు ట్యూబు. కింద మగ్గాలు ఆడుతుంటే ఇల్లంతా సన్నగా అదురుతుంది. ఆ అదురు డిస్కు దాకా పాకకుండా ట్యూబు మింగేస్తుంది.

చిన్నప్పుడే తల్లి పోతే ఆయన్ను పెంచింది మేనత్త తంగమ్మాళ్. పిల్లలు లేని వితంతువు. వీధిలో సగం షెడ్లకు బాబిన్లు చుట్టి పెట్టింది, ఆ సంపాదనతోనే మేనల్లుణ్ణి మనిషిని చేసింది. పైగదిలోకి పిలవకుండా వచ్చేది ఆమె ఒక్కతే. కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకునేది, వయొలిన్ మొదలయ్యే లోపలే గురక పెట్టేది, డిస్కు అయిపోగానే లేచి "బాగుండెరా" అనేది. భార్య చెల్లమ్మాళ్ మాత్రం గడప దగ్గరే నిలబడి, "మగ్గం సత్తంలో పుట్టి, మగ్గం సత్తంలో బతికి, మళ్ళా దుడ్డు పెట్టి సత్తం కొనుక్కొనే మనిషిని నేనింకో ఊళ్ళో సూడలే" అని నవ్వేది.

చెల్లమ్మాళ్ అన్నదాంట్లో తప్పు లేదు గాని, ఆయన కొనుక్కున్నది సత్తం కాదు. చప్పుడు లేని చోటు. డిస్కులో పాట మొదలయ్యే ముందు ఒక క్షణం ఉంటుంది. గాయకుడు ఊపిరి తీస్తాడు, తంబురా తీగ ఇంకా అదురుతూ ఉంటుంది. మంచి ప్లేయరులో ఆ క్షణం వినపడుతుంది. ఆ క్షణం కోసమే రామానుజం ఎదురుచూసేవాడు. దానికి వీధి నిశ్శబ్దంగా ఉండాలి, అంటే కరెంటు పోవాలి. వెనక కరెంటు కోతలు జోరుగా ఉన్న కాలంలో ఊరంతా తిట్టుకుంటుంటే ఈయన మాత్రం పండగ చేసుకునేవాడు. మగ్గాలు ఆగిపోగానే మెట్లెక్కి, ఇన్వర్టరు బ్యాటరీల మీద ప్లేయరు నడిపేవాడు. కోతలు తగ్గిన తరువాత నెలకొక్కసారి విద్యుత్ బోర్డువాళ్ళు లైన్లు బాగుచేసుకునే రోజు మిగిలింది. వీధి దానికి పెట్టుకున్న పేరు షట్‌డౌన్. పొద్దున నుంచి సాయంత్రం దాకా షట్‌డౌన్. అదే ఆయన కచేరీ దినం.

మదురైలోని ఒక ఆడియో అంగట్లో ఆయనకు కోవిల్‌పట్టి హరికృష్ణన్ పరిచయమయ్యాడు. విళాత్తికుళం వైపు నల్లరేగడిలో మిరప, పత్తి పండించే నాయకర్ల కుటుంబం ఆయనది. ఇద్దరూ చాలాసేపు అంగడివాడితో తమిళంలో బేరం చేశారు. మధ్యలో హరికృష్ణన్‌కు ఫోను వచ్చింది. "మిరపకాయలు తిరగెయ్యమని చెప్పుమా, మంచు పడతాది" అన్నాడు తల్లితో. రామానుజం చేతిలో ఉన్న డిస్కు కిందపెట్టి, "మీరు మనోళ్ళా నాయకరే?" అన్నాడు. ఆ రోజు నుంచి స్నేహం.

హరికృష్ణన్ కోవిల్‌పట్టిలో కిటికీలు లేని గది ఒకటి కట్టించి, దాంట్లో కూర్చుని వినేవాడు. ఒకసారి ఎవరికీ చెప్పకుండా ప్లేయరు నుంచి ఆంప్లిఫయరుకు పోయే వైరు మార్చాడు. రామానుజం లోపలికి వచ్చి కాసేపు విని, "ఏమి నాయకరే, వయొలినాయన్ను ఒక అడుగు వెనక్కి జరిపినారే. ఏమన్నా తప్పు చేసినాడా పావం?" అని అడిగాడు. ఆ మాట కోవిల్‌పట్టిలో పాట వినే నలుగురి మధ్యా పాకింది. ఆ తరువాత ఆ నలుగురిలో ఎవరు ఏ ప్లేయరు కొనాలన్నా ముందు రామానుజం విని తల ఊపాలి. చదువూ పొలమూ లేని మనిషికి కోవిల్‌పట్టిలో కుర్చీ వేయించినవి ఆ రెండు చెవులే. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు.

అందుకే ఆ మాసి నెలలో హరికృష్ణన్ రెండు ప్లేయర్లను దుప్పట్లలో చుట్టి కారులో తెచ్చినప్పుడు రామానుజం పెళ్ళికొడుకులా మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఒకటి జపాన్‌ది, పాతది, రుబ్బురోలంత బరువు. ముందు నుంచి పళ్ళెం బయటికి వచ్చి డిస్కును మింగుతుంది. రెండోది ఐరోపాలో చేసిన కొత్తది. పైన మూత జరిపి, డిస్కు పెట్టి, దాని నెత్తిన ఇత్తడి బిళ్ళ ఒకటి పెట్టాలి. రెండూ మామూలు సీడీలతో పాటు సూపర్ ఆడియో డిస్కులనూ చదువుతాయి.

"ఒకటి ఉంచుకొనేది, ఒకటి ఎనక్కి పంపేది అన్నా" అన్నాడు హరికృష్ణన్. "అందరూ కొత్తదే అంటాండారు. మీరు చెప్పనిది నేను నమ్మను."

పద్ధతి ఇద్దరికీ కొట్టినపిండి. ఒకే కచేరీ డిస్కు రెండు ప్రతులు, చెరొక ప్లేయరులో. రెంటినీ ఒకేసారి మొదలుపెట్టి, ఆంప్లిఫయరు మీద మీట తిప్పి ఒకదాని నుంచి ఒకదానికి మారడం. అంతకు ముందు పరీక్ష డిస్కులోని కూత ఒకటి పెట్టి, స్పీకరు తీగల దగ్గర మీటరుతో రెంటి జోరూ సమం చేయాలి. కొంచెం జోరుగా ఉన్నది ఎవరికైనా బాగున్నట్టే అనిపిస్తుంది కాబట్టి. ఆ తరువాత ఒకరు ముఖం తిప్పుకుని కూర్చుంటారు, ఇంకొకరు ప్లేయర్ల మీద కండువా కప్పి మీట తిప్పుతారు.

హరికృష్ణన్ రెంటినీ అక్కడే వదిలిపోయాడు. ఆ నెల షట్‌డౌన్ రోజు రామానుజం ఒక్కడే కూర్చుని విన్నాడు. ఆయన ఎప్పుడూ మొదట వెతికేది తాళం తోక. తాళపు గిన్నెలు తగిలినప్పుడు పుట్టే ధ్వని కాదు, అది సన్నబడుతూ పోయి ఎక్కడ ఆరిపోతుందో ఆ చోటు. మంచి ప్లేయరులో తోక పొడుగు. ఆ రోజు జపాన్‌దానిలో తోక లేదు. కొత్తదానిలోనూ లేదు. తాళం తగిలీ తగలకముందే, దూరాన ఎక్కడో మూసిన షెడ్డులో నుంచి మోటారు కూత లాంటిది వచ్చి దాన్ని కప్పేసింది.

కిటికీలు మూశాడు. కూత పోలేదు. కిందికి దిగి, గిన్నెలు తోముతున్న భార్యను అడిగాడు.

"ముత్తురాముడు జెనరేటరు పెట్టినాడా?"

"పెట్టింటాడు" అంది చెల్లమ్మాళ్ తల ఎత్తకుండానే.

అంతే. ఆయనకు అది చాలు. ముత్తురామన్ ఎవరో కాదు, తంగమ్మాళ్ చెల్లెలి కొడుకు, రామానుజానికి మేనత్త కొడుకు. పక్కపక్క షెడ్లు. నడిమిగోడ విషయంలో ఎప్పుడో మాట తగ్గింది, మళ్ళీ సరిగా పెరగలేదు. వాడు జెనరేటరు కొన్నప్పటి నుంచి ప్రతి షట్‌డౌన్‌కూ ఆ కూత వినపడుతూనే ఉంది, నెలనెలకూ కొంచెం పెద్దదవుతూనే ఉంది. వాడి మగ్గం వాడు ఆడించుకుంటాడు, వద్దనడానికి హక్కు లేదు. అందుకని రామానుజం నోరు మూసుకుని లోపల ఉడికేవాడు.

"ఇంకొక్క షట్‌డౌన్ ఇవ్వండి నాయకరే" అన్నాడు ఫోనులో.

"మీకా? ఇంకొకసారా?" అన్నాడు హరికృష్ణన్. తరువాత నవ్వు తెచ్చుకుని, "అంతోణి ఎగతాళి చేస్తాండాడు. అన్న చెవికి ఆయుధపూజ చేసి పొట్టేలు కొట్టల్ల అంటాండాడు" అన్నాడు. అంతోణి ఆ నలుగురిలో ఒకడు, వయసులో చిన్నవాడు.

రామానుజం కూడా నవ్వాడు. ఫోను పెట్టేశాక మళ్ళీ పైకి పోయి కిటికీ గడియలు సరిచూశాడు.

ఆ రెండో షట్‌డౌన్ రాకముందే తంగమ్మాళ్ పోయింది. పొద్దున కాఫీ అడిగింది. చెల్లమ్మాళ్ లోటా తెచ్చేలోపల గోడకు ఆనుకున్నది ఆనుకున్నట్టే ఉంది, కాళ్ళు చాపుకుని, డిస్కు మొదలయ్యేదాకా కాచుకున్నట్టు.

ఆ వీధిలో ఎవరైనా పోతే మగ్గాలు ఆపుతారు. పీనుగు వీధి మలుపు దాటేదాకా ఒక్క మోటారు కూడా తిరగకూడదు. దారం మధ్యలో ఉన్నా, అద్ద, అంటే ఒక చీర నిడివి, సగంలో ఉన్నా, వార్త చెవిన పడ్డచోటే ఆపేస్తారు, షట్టరు దించేస్తారు. ఆ రోజూ అలాగే వీధి ఆ కొస నుంచి ఒక్కొక్క షెడ్డూ ఆగుతూ వచ్చింది. పందిట్లో కుర్చీలు వేస్తున్న చుట్టం ఒకాయన, విళాత్తికుళం పల్లె నుంచి వచ్చినవాడు, "అబ్బా, మీ వీధిలో ఇంత నిమ్మళం ఉంటుందని ఈ దినమే తెలిసె" అన్నాడు.

పీనుగు తలాపున కూర్చున్న రామానుజం తల ఎత్తాడు. నిమ్మళమా? ఎక్కడ?

ఆయనకు కూత వినపడుతూనే ఉంది. అదే మోటారు, అదే దూరం, మూసిన షట్టరు వెనక నుంచి. ఆడవాళ్ళ ఏడుపు ఆగినప్పుడల్లా అది ముందుకు వస్తోంది. పందిరంతా కళ్ళతో వెతికాడు. వీధిపెద్ద మారియప్పన్ ఉన్నాడు, చుట్టాలందరూ ఉన్నారు. ముత్తురామన్ లేడు.

"ఏమే" అన్నాడు భార్య చెవిలో. "వినపడతాందా? జెనరేటరు పెట్టినాడు."

"అయ్యో, గమ్మునుండండి. పెద్దామె పండుకోనుండాది, ఇప్పుడా జెనరేటరు మాట?" అంది చెల్లమ్మాళ్ ముక్కు తుడుచుకుంటూ.

లేదు అనలేదు ఆమె. రామానుజం లేచాడు. కొరివి పెట్టవలసినవాడు లేచి పోతుంటే ఏదో పని మీద అనుకున్నారు అందరూ. కొడుకు సతీష్‌కుమార్ ఒక్కడే, తండ్రి మెడ నరాలు చూసి, వెనకాలే నడిచాడు.

షట్టరు దించి ఉంది. రామానుజం రెండు అరచేతులతో దాన్ని బాదాడు.

"ఒరే ముత్తురామా! బయటికి రారా! నీ పెద్దమ్మ పీనుగు వాకిట్లో ఉండంగా లోపల మగ్గం ఆడిస్తావా? బాబిన్లు చుట్టి చుట్టి ఆమె చేతి ఏళ్ళు అరిగిపోయినాయి గదరా! ఒక్క పూట ఆపలేవా? నీది మనిషి పుట్టకేనా?"

పందిట్లో కుర్చీలు కదిలాయి. శంఖం ఊదేవాడు ఊదడం ఆపాడు. సరిగ్గా అప్పుడే వీధి మలుపులో కారు దిగిన హరికృష్ణన్, చేతిలో మాలతో, నడిచేవాడు నడిచినట్టే నిలబడిపోయాడు.

షట్టరు లోపలి నుంచి లేచింది. ముత్తురామన్ నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో కత్తెర, ఇంకొక చేతి మీద సగం మడిచిన కొత్త చీర. ఆకుపచ్చ అంచు. మగ్గం మీది నుంచి అప్పుడే కోసినది, కొసన పడుగు దారాలు వేలాడుతున్నాయి.

"ఏ మగ్గం బావా?" అన్నాడు.

రామానుజం ఆయన్ను తోసుకుని లోపలికి పోయాడు. చీకటి. మగ్గాలు వరసగా నిలబడి ఉన్నాయి. మొదటి మోటారు మీద చేయి పెట్టాడు, చల్లగా ఉంది. రెండోదీ అంతే. ఆడుతున్న మోటారు చేయి పెట్టనివ్వదు. ఇవి నీళ్ళకుండల్లా ఉన్నాయి. మూలన జెనరేటరు మీద గోనెసంచి పరిచి ఉంది. గోనెసంచి మీద కోడిపెట్ట ఒకటి పొదగడానికి కూర్చుని ఉంది. ఇంతమందిని చూసి మెడ నిక్కించి, క్కొ అంది. షట్టరు దగ్గర ఎవడో నవ్వబోయి మింగేశాడు.

రామానుజానికి భయం వేసింది పెట్టను చూసి కాదు. కూత ఇంకా వినపడుతూనే ఉంది. దూరంగా నిలబడితే ఎంత ఉందో, షెడ్డు నడిమధ్యన నిలబడినా అంతే ఉంది. పెరగలేదు, తరగలేదు. ఏ మూలకు తిరిగినా ఆ మూల నుంచి రావడం లేదు.

ఆయన మోటారు మీది చేయి తీసి, ఆ చేతిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చూసుకున్నాడు.

ముత్తురామన్ గొంతు పైకి లేవలేదు, అదే ఇంకా ఘోరంగా ఉంది. "అంగడి చీర కప్పరాదని మగ్గం మీదిది కోస్తాంటిని. అక్కచెల్లెండ్ల బిడ్డ తేవల్సిన చీర గదా బావా. అద్ద పూర్తి కాలే, కాకున్నా సరేనని కోసినా. నువ్వు నలుగురి ముందర నన్ను పాపిని చేసినావు."

మారియప్పన్ కర్ర ఆనించుకుంటూ వచ్చి నిలబడ్డాడు. వీధికి పెద్ద, రామానుజానికి మామ వరస. "ఇది ఊరికే ఇడిచేది కాదు రామానుజం. సావింటి కాడ ఇట్టా మాట పుట్టించినోడు కాళ్ళ మీద పడల్ల. ఎవరు చెప్పినారు నీకు? పేరు చెప్పు."

ఎవరూ చెప్పలేదు. పేరు లేదు.

"నేనే చెప్పినా తాతా" అన్నాడు సతీష్‌కుమార్. తల వంచుకుని ముందుకు వచ్చాడు. "ఎవరో అనంగా విని, నాన్నకు చెప్పినా. నాదే తప్పు."

అందరూ అతని వైపు తిరిగారు. అమ్మయ్య అన్నట్టు ఎవరో ఊపిరి వదిలారు. కుర్రవాడు తొందరపడ్డాడు, దుఃఖంలో ఉన్న తండ్రి నమ్మాడు. వీధికి అది చాలు. రామానుజం నోరు మెదపకుండా ఉంటే సరిపోతుంది. కొడుకు ఒక్కసారి వంగి లేస్తాడు, పీనుగు లేస్తుంది, అంతటితో అయిపోతుంది. మాల పట్టుకుని మనుషుల వెనక నిలబడ్డ హరికృష్ణన్ కూడా కోవిల్‌పట్టికి పోయి, పావం అన్నకు ఎవరో తప్పు చెప్పారు అంటాడు. కుర్చీ ఎక్కడ వేసింది అక్కడే ఉంటుంది.

సతీష్‌కుమార్ వంగుతున్నాడు. రామానుజం కొడుకు భుజం పట్టుకుని ఆపాడు.

"వాడు చెప్పలే మామా. ఎవరూ చెప్పలే. నాకు వినపడె." ఆయన మాట్లాడుతున్నది మారియప్పన్‌తో, చూస్తున్నది హరికృష్ణన్ చేతిలో మాలను. "ఇప్పుడూ వినపడతాంది. షెడ్డు లోపలా అంతే, బయటా అంతే. మగ్గం ఆడలే. నా చెవే ఆడతాంది. ఎన్నాళ్ళుగానో ఆడతాంటది, నేను ముత్తురాముడిదనుకొని తిట్టుకుంటాంటిని."

ఆయన వంగాడు. ముత్తురామన్ వెనక్కి జరిగాడు.

"ఒద్దు. ఎండ ఎక్కుతాంది. పెద్దమ్మను లేపల్ల" అని, చీర మడత విప్పి ఒక కొస ఆయన చేతికి ఇచ్చాడు. "ఈ కొస పట్టుకో. నేల తగలరాదు."

ఇద్దరూ చెరొక కొసా పట్టుకుని పందిట్లోకి నడిచారు. దారి పొడవునా ముత్తురామన్ ఆయన ముఖం చూడలేదు.

హరికృష్ణన్ మాల వేసి, దండం పెట్టి, పోబోయాడు. రామానుజం వెంటపడి, "నాయకరే, ఆ రెండు పెట్టెలు..." అన్నాడు.

"సావింట్లో నుంచి సామాను ఎత్తుకపోరాదన్నా. కర్మ కానీండి" అని కారెక్కాడు హరికృష్ణన్. ఆచారమే అన్నాడో, ఇంకేమన్నా అన్నాడో, రామానుజానికి తెలియలేదు. ఇన్నేళ్ళలో ఆ మనిషి ఆయన చెవుల వైపు అలా చూడటం మాత్రం అదే మొదటిసారి.

కాటి నుంచి వచ్చి స్నానం చేసి, తడిగుడ్డలతో అరుగు మీద కూర్చున్నాడు. కాసేపటికి, చెవిలోదేదో వీధిలోదేదో తేల్చుకోలేక, "మగ్గాలు మొదలుపెట్టినారా?" అని అడిగాడు.

"ఎప్పుడో పెట్టినారు" అంది చెల్లమ్మాళ్. అని, ఆయన వైపు తిరిగి, పొడి పంచె తెచ్చి ఇచ్చింది.

ఆ తరువాతి రోజులు బరువుగా నడిచాయి. పైగదికి పోలేదు. పొద్దు వాలేసరికి తప్పకుండా మోగే హరికృష్ణన్ ఫోను మోగలేదు. ఒకసారి తానే చేద్దామని తీసి, ఏమని మాట్లాడాలో తోచక పెట్టేశాడు. మరుసటి షట్‌డౌన్‌కు విని చెప్తానన్న మాట ఉంది. ఏమి విని ఏమి చెప్పాలి? ఇన్నాళ్ళూ తాను తల ఊపితే కొన్నవాళ్ళ ఇళ్ళలో ఏమేమి ఉన్నాయో ఒక్కొక్కటే గుర్తు చేసుకునేవాడు. వాటిలో ఎన్నింటికి చెవితో తల ఊపాడు? ఎన్నింటికి అలవాటుతో ఊపాడు?

"ఆ నాయకరు మీ కోసరం వస్తాండెనా, మీ చెవి కోసరం వస్తాండెనా, ఇప్పుడు తెలుస్తాది" అంది చెల్లమ్మాళ్ అన్నం వడ్డిస్తూ. గుచ్చాలని అనలేదు. అయినా ఆయన సగం అన్నం వదిలి లేచాడు.

కర్మకు ముందే షట్‌డౌన్ వచ్చింది. మగ్గాలు ఆగాయి. రామానుజం అరుగు మీదే కూర్చున్నాడు. ముత్తురామన్ వచ్చాడు. లోపలికి పోకుండా, మెట్ల వైపు చూపించి, "పైన ఏముండాదో సూపించు బావా. నన్ను పాపిని చేసిన గది ఎట్లుంటాదో సూస్తా" అన్నాడు.

రామానుజం కాదనలేకపోయాడు. పైకి పోయి ఇద్దరూ కూర్చున్నారు. ముత్తురామన్ సైకిలు ట్యూబును, ఇత్తడి బిళ్ళను, నల్లరాతి పలకను మెల్లగా చూశాడు.

"ఇప్పుడు వినపడతాందా?"

"ఆఁ."

"ఎట్లుంటాది?"

"దూరాన మూసిన షెడ్డులో మోటారు కూసినట్ల."

ముత్తురామన్ కాలి బొటనవేలు చూసుకుంటూ అన్నాడు. "నాకు మోటారు కాదు. నాకు బాబిన్లు చుట్టే రాట్నం. పండుకుంటే ఎక్కువ."

"నీకా?"

"నాకే. నేను నీ ఇల్లనుకొనింటి. ఈ బావ షట్‌డౌన్ నాడు బ్యాటరీ మింద పైన ఏందో తిప్పుతాండాడు, మనిషిని కన్ను మూయనీడు అని. నా పెండ్లాం నిన్ను తిట్టిన తిట్లుండాయే, ఒక్కొక్కటీ ఒక్కొక్క అద్ద పొడుగు."

రామానుజం ఆయన వైపు చూశాడు. ముందు నవ్వింది ఎవరో తెలియదు. అత్త పోయిన తరువాత ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. కింద నుంచి చెల్లమ్మాళ్ "ఏమాయె?" అని కేకేసింది. వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా ఇంకెందరు పక్కవాడి మగ్గాన్ని తిట్టుకుంటూ పడుకుంటున్నారో అని ఆలోచన వచ్చి, రామానుజానికి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"డాక్టరుకు సూపించినావా?" అన్నాడు.

"సూపిస్తే మగ్గం నిలపమంటాడు. నిలిపి?" అన్నాడు ముత్తురామన్. తరువాత మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, "సరే, ఏదో ఒకటి పెట్టు. వచ్చినందుకు వింటా" అన్నాడు.

రామానుజం రెండు ప్రతులూ రెండు ప్లేయర్లలో పెట్టాడు. మీట ఇటూ అటూ తిప్పుతుంటే ముత్తురామన్ శ్రద్ధగా విని, "రెండూ ఒకే మాదిరుండాయి బావా. మోసపోయినారు మీరు" అని తీర్పు చెప్పాడు. ఈసారి రామానుజం తాళం తోక వెతకలేదు. అది పోయిందని తెలిశాక వెతికే పని తప్పింది. వెతకడం మానేసిన చెవి ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా, అది పోయి మృదంగం మీద కూర్చుంది. కుడి మొహం మీది వేళ్ళ చప్పుడు కూతలో కలిసిపోతోంది. ఎడమ మొహం, కచేరీవాళ్ళు తొప్పి అంటారే, దాని మీద అరచేయి పడినప్పుడు మాత్రం కూత దాన్ని తాకడం లేదు. అది కూత కింద నుంచి వస్తోంది. మీట తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. రెంటి తొప్పిలో ఏదో తేడా తగిలింది. ఏమిటో తేలకముందే బ్యాటరీ ఎర్రదీపం చూపించి ఆగిపోయింది.

పదహారో రోజు కర్మకు హరికృష్ణన్ వచ్చాడు. పంక్తిలో కూర్చుని తిన్నాడు, చేయి కడుక్కున్నాడు, కారు వెనక తలుపు తీయించి దుప్పట్లు బయట పెట్టించాడు. దుప్పట్లు చూడగానే రామానుజానికి అర్థమైంది.

"తీసుకపొయ్యే ముందర ఒక మాట నాయకరే" అన్నాడు పైగదిలో. "పైసగం నాకు పోయింది. తాళం తోక, వయొలిన్ కొస, అవి ఇంక నా పని కాదు. దానికి అంతోణిని పిలుచుకోండి, వాడి చెవి పసిది. ఇంతకు ముందు చెప్పినవాట్లో కూడా ఏది నిజంగా విని చెప్పినానో, ఏది వినకుండా చెప్పినానో నాకే తెలియదు. కిందసగం నా కాడ ఉండాది అనుకుంటాండా. అదీ అనుకోవడమే. మీరు సూడల్ల."

హరికృష్ణన్ చేతిలో దుప్పటి అలాగే ఉంది. కర్మ అని రామానుజం తన షెడ్డు ఆపాడు. వీధిలో మిగతావి ఆడుతున్నాయి. ఉన్నట్టుండి గోడ అవతల రొద కూడా తగ్గింది. ముత్తురామన్ ఎవరూ అడగకుండానే తన షట్టరు దించుతున్నాడు.

హరికృష్ణన్ దుప్పటి పక్కన పడేశాడు. మీటరు తీసి, స్పీకరు తీగల దగ్గర రెంటి జోరూ సమం చేశాడు. భుజం మీది కండువా తీసి రెండు ప్లేయర్ల మీదా కప్పాడు.

"ముకం తిప్పుకోండన్నా."

రామానుజం గోడ వైపు తిరిగాడు. సున్నం మీద తంగమ్మాళ్ తల ఆనించిన చోట నూనె మరక ఒకటి ఉంది. దాన్ని చూస్తూ కూర్చున్నాడు. తంబురా మొదలైంది. వయొలిన్ వచ్చింది, ఎవరో ఒడ్డుకు అవతల వాయిస్తున్నట్టు వచ్చింది. ఆయన దాన్ని పట్టుకోవడానికి పోలేదు. చెవిలో మోటారు కూస్తూనే ఉంది, కూయనిచ్చాడు.

"ఏది?" అన్నాడు వెనక నుంచి హరికృష్ణన్.

"తొందరపడకండి. తొప్పి రానీండి."

గాయకుడు పల్లవి ఎత్తుకున్నాడు. మృదంగం ఎడమ మొహం మీద అరచేయి పడింది. దెబ్బ గుండ్రంగా లేచి, కాసేపు గదిలో తిరిగి, మెల్లగా కూర్చుంది. మీట తిరిగిన చప్పుడు. మళ్ళీ దెబ్బ. ఈసారి అరచేయి ఎక్కడ అదిమిందో అక్కడే ఆగింది, కోసినట్టు.

"మొదటిది జపాన్‌ది" అన్నాడు రామానుజం. "ఇది కొత్తది."

మీట మళ్ళీ తిరిగింది. ఒకసారి తిరిగిందో, రెండుసార్లు తిప్పి మొదటికే తెచ్చాడో తెలియకుండా తిప్పాడు హరికృష్ణన్. రామానుజం నూనె మరకనే చూస్తూ కాచుకున్నాడు. దెబ్బ పడింది, లేచింది, తిరిగింది, కూర్చుంది.

"జపాన్‌దే. మోసం చేస్తాండారు నాయకరే."

కండువా కింద నుంచి చేయి బయటికి వచ్చిన చప్పుడు. కుర్చీ ముందుకు జరిగింది.

"సరే, రెంట్లో ఏ తొప్పి నిజం తొప్పి అన్నా?" అన్నాడు హరికృష్ణన్. "చెప్పండి. నిమ్మళంగా విని చెప్పండి. దుప్పట్లు యాడికీ పోవు."